మొదటి గిలాస

చాయ్ అంటే ఏమిటో తెలియని ఊళ్లకు చాయ్ అలవాటు చేయడం రామన్న ఉద్యోగం. నవ్వకండి, ఆ కాలంలో అది నిజంగా ఉద్యోగమే. పట్నంలో ఒక చాయ్‌పత్తి కంపెనీ ఒక ఎడ్లబండికి ఎర్రరంగు వేయించి, పక్కలకు బొమ్మల రేకులు కొట్టించి, నడుమ చాయ్ కాచే ఇత్తడి పాత్ర, సమోవార్ ఒకటి నిలబెట్టి పాలమూరు జిల్లా మీదికి తోలింది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, కోడేరు, ఎక్కడ సంత ఉంటే అక్కడ ఆ బండి. జనాన్ని పిలిచి ఊరికే చాయ్ పోయాలి. పాట పాడాలి. గోడలకు కాగితాలు అంటించాలి. నాలుగు ఇళ్లవాళ్లు రుచి మరిగాక ఆ ఊరి సావుకారి దుకాణంలో పొట్లాలు పెట్టించి ముందుకు పోవాలి.

చెప్పినంత తేలికైన పని కాదు. చాయ్ తాగితే పుట్టే పిల్లలు నల్లబడతారని ఒక ఊళ్లో అన్నారు, పైత్యం చేస్తుందని ఇంకో ఊళ్లో తరిమారు. గద్వాల దగ్గర ఒక పెద్దమనిషి గిలాస ముట్టకుండా, ముందు ఇది కాచిందెవరో చెప్పమన్నాడు. గొల్లామె అని తెలిశాక, పాలు ఎటూ వాళ్ల చేతివే కదా అని తాగి, మూతి తుడుచుకొని మళ్లీ పట్టమన్నాడు.

ఆ గొల్లామె పేరు జములమ్మ. గద్వాల పక్కన కృష్ణ ఒడ్డు మనిషి, మొగుడు పోయినప్పటి నుంచి బండితోనే బతుకు. ఆమె కొడుకు యాదయ్య గోడలకు కాగితాలు అంటించేవాడు. ఇరవై దాటిన వయసు, నవ్వు ముఖం, పని దొరికితే తిండి మరిచే రకం. కేక వేసి జనాన్ని పోగుచేసేది సాబిర్. రేకు భోంగా నోటి దగ్గర పెట్టుకొని ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు, సంత ఆ కొసన ఉన్న మేకలు కూడా తలలెత్తేవి. డప్పు కొట్టేదీ ఎడ్లు తోలేదీ జంగయ్య. ఆయన మాట్లాడటం తక్కువ, డప్పు మాట్లాడటం ఎక్కువ. ఈ నలుగురి మీద పెద్ద రామన్న. జములమ్మను ఆయన అక్కా అనేవాడు, అందుకని యాదయ్య ఆయనను మామా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, బండి కలిపిన వరసలు అవి.

ఆ బండికి ఒక ఆచారం ఉండేది. పొద్దుగూకినాక ఎడ్లకు మేత వేసి అందరూ సమోవార్ చుట్టూ కూర్చునేవాళ్లు. జములమ్మ గిలాసలు వరసగా పెట్టేది. అప్పుడు రామన్న అడిగేవాడు, ఇయ్యాల మొదటి గిలాస ఎవరిది అని. ఆ దినం పనిలో తప్పు చేసినవాడు చేయి ఎత్తి, ఏం తప్పో నలుగురి ముందు చెప్పాలి. ముందుగా చెప్పినవాడికి మొదటి గిలాస. మొదటి గిలాస అంటే మామూలు గిలాస కాదు, చిక్కటి పాలు, మీగడ, చక్కెర అంతా అందులోనే. ఎవరూ నవ్వకూడదు, ఎవరూ తిట్టకూడదు. తప్పును ఎట్లా సర్దాలో చాయ్ తాగుతూ మాట్లాడుకోవాలి. గిలాస అడుగంటేలోపు ఆ తప్పు ఒకడిది కాకుండా పోయి అందరిదీ అయ్యేది.

ఈ పిచ్చి ఆచారం రామన్నకు ఊరికే పుట్టలేదు. చిన్నతనంలో పట్నంలో ఒక ఛాపాఖానాలో, అంటే అచ్చాఫీసులో పనిచేశాడు. అక్కడ ఫోర్మన్ చేయి నోటికంటే ముందు లేచేది. యంత్రం పట్టు జారుతోందని పక్క పనివాడికి ముందే తెలుసు. చెబితే చెంప పగులుతుందని చెప్పలేదు. రామన్న కుడిచేతి చూపుడువేలు సగం ఆ యంత్రంలో పోయింది. ఆ పక్కవాడి మీద ఆయనకు ఎన్నడూ కోపం రాలేదు. భయపడ్డ నోరు చెప్పదురా అని, ఆ మొండి వేలు చూపించి కొత్తవాళ్లకు చెప్పేవాడు. తన చేతికింద ఎవరి నోరూ భయపడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, నిజంగానే చాలాకాలం నిలబెట్టుకున్నాడు కూడా.

అందరికంటే ఎక్కువసార్లు మొదటి గిలాస తాగింది యాదయ్యే. అంటే అందరికంటే ఎక్కువ తప్పులు చేసింది వాడేనన్నమాట. కాగితాలు ఎడ్లకు మేపిన కథ ఉంది, బంక కుండలో ఉప్పు వేసి వంట కుండలో మైదా వేసిన కథ ఉంది. జములమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాపుకునేది. కానీ వాడి బంక మాత్రం బంగారం. మైదాలో మైలుతుత్తం కలిపి ఏదో ఒక పాకంలో ఉడికించేవాడు. కోడేరులో వాన దంచికొట్టి గోడ మట్టి కరిగి కారింది గానీ యాదయ్య అంటించిన కాగితం కదల్లేదు. "మా యాదయ్య అతికిస్తే వానదేవుడు కూడా ఊడబీకలేడు" అని రామన్న ప్రతి ఊళ్లో పదిమందిలో చెప్పేవాడు. తిట్టవలసింది ఉంటే చాటున, మెచ్చుకోవలసింది ఉంటే పదిమందిలో, అది కూడా ఆయన పద్ధతే. ఆ మాట విన్నప్పుడల్లా యాదయ్య చెవుల దాకా నవ్వేవాడు.

ఆ ఏడు శివరాత్రికి బండి సోమశిల చేరింది. కృష్ణ ఒడ్డున గుడి, గుడి చుట్టూ జాతర, ఒడ్డంతా పుట్లు. పుట్టి అంటే తెలుసు కదా, వెదురు బుట్టకు తోలు కప్పి కట్టిన గుండ్రటి పడవ. అవతలి ఒడ్డు ఇంగ్లీషు సర్కారుది, కర్నూలు వైపు. అక్కడినుంచి కూడా జనం పుట్లెక్కి వస్తారు.

అప్పుడే పట్నంనుంచి కంపెనీ ఏజెంటు హన్మంతరావు దిగాడు. చెడ్డమనిషి అని నేను చెప్పను. ఆయనకూ పైన దొరలున్నారు, ఆయనకూ ఇల్లుంది. వచ్చీ రాగానే రామన్నను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. కంపెనీ నడిపే బండ్లలో కొన్ని ఎత్తేస్తున్నారట. ఈ బండి ఉండాలో పోవాలో ఈ జాతర చూసి ఆయన చెప్పాలట. రామన్నకు భయం పట్టుకుంది. జములమ్మ ఎక్కడికి పోతుంది? సాబిర్‌కు ముగ్గురు పిల్లలు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. పైకి నవ్వుతూ, లోపల వణుకుతూ తిరిగాడు.

ఆ మొదటి దినమే మునిగింది పుట్టి, అనుకోండి. నీళ్లలో కాదు, ఒడ్డు మీదే.

యాదయ్య కొత్తచోట ఎక్కడ అంటించాలో తెలియక గుడి మండపం గోడకు వరసగా కాగితాలు అంటించాడు. పసుపు కుంకుమ బొట్ల మీద చాయ్ కప్పు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. పూజారి చూశాడు, ఊరిపెద్దలు చూశారు, గొడవయింది. వాడి బంక సంగతి తెలిసిందే కదా, గీకితే గోడ సున్నం లేచి వచ్చింది గానీ కాగితం ఊడలేదు. చివరికి ఏజెంటు హన్మంతరావు అంతమందిలో చేతులు జోడించి నిలబడాల్సి వచ్చింది. ఆయన ముఖం కందిపోయింది.

పొద్దుగూకింది. ఎప్పటిలాగే సమోవార్ చుట్టూ కూర్చున్నారు. ఏజెంటుకు మడత కుర్చీ వేశారు. రామన్నకు ఆ పూట అడగాలని లేదు, కానీ అలవాటు నోరు ఊరుకోదు కదా. ఇయ్యాల మొదటి గిలాస ఎవరిది అని మెల్లగా అన్నాడు.

యాదయ్య చేయి ఎత్తాడు. "నాదే మామా. దేవుని గోడకు అతికిస్తి. తెల్వక జేసిన. రేపు పొద్దుగాల్నే పొయ్యి సున్నం నేనే వేస్త" అని, ముఖమంతా నవ్వుతో చేయి చాచాడు. జములమ్మ మీగడ వేసిన గిలాస వాడి చేతిలో పెట్టింది.

ఏజెంటు చిన్నగా నవ్వాడు. "తప్పు చేసినవాడికి మొదటి చాయ్ పోస్తారా? బాగుందయ్యా మీ పద్ధతి. పైవాళ్లకు ఇదే చెప్పమంటావా రామన్నా?" అన్నాడు.

ఆయన అరవలేదు, కోప్పడలేదు. ఆ నవ్వే రామన్నను పొడిచింది. బండి పోతుంది, బతుకులు పోతాయి అన్నది ఒక్కటే బుర్రలో తిరిగింది. లేచి రెండంగల్లో యాదయ్య దగ్గరికి వెళ్లి, వాడి చేతిలోని గిలాస లాక్కున్నాడు. వేడి చాయ్ వాడి వేళ్ల మీద చిందింది.

"సిగ్గుండాలె. దేవుని గోడకు బంక పూసొచ్చి పండ్లికిలిస్తున్నవ్. నీ అసుంటోనికి పని చెప్పినందుకు నన్ననాలె."

ఆ గిలాస తీసుకెళ్లి ఏజెంటుకు ఇచ్చాడు. ఆయన తాగాడు. జములమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. సాబిర్ నేల చూశాడు, జంగయ్య ఎడ్ల వైపు చూశాడు. యాదయ్య వేళ్లు తుడుచుకొని, నవ్వు తీసేయడం మరిచిపోయినవాడిలా అదే ముఖంతో కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి బంక కుండ కడగడానికి పోయాడు.

అయ్యో రామన్నా, ఒక్క గిలాస ఇచ్చేస్తే ఏం పోయేదయ్యా! ఆయన కూడా ఆ పూట అదే అనుకున్నాడు. రేపు పిలిచి బుజ్జగిద్దాం, వాడు నా పిల్లవాడే కదా, మనసులో పెట్టుకోడు అని సర్దిచెప్పుకున్నాడు. తెల్లారాక ఏజెంటు నీడలా వెంటే ఉన్నాడు. బుజ్జగింపు వాయిదా పడింది.

ఇక రెండో దినం సంగతి. ఇది రామన్నకు తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెబుతాను. జాతర రోజున అవతలి ఒడ్డుకు పోయి అక్కడి జనాన్ని పిలవాలని ఏజెంటు ఆలోచన. జాతరలో పుట్టివాళ్లు ఎవరూ ఖాళీగా లేరు. పెంటయ్య అనే బెస్తాయన తన పాత పుట్టి ఒకటి బాడుగకు ఇచ్చాడు. కృష్ణ ఒడ్డున పెరిగినవాడు కాబట్టి తెడ్డు తానే వేస్తానని యాదయ్య అన్నాడు. ఆ మధ్యాహ్నం వాడు ఒంటరిగా పుట్టిని తెచ్చి రాళ్ల మీదుగా ఈడ్చి పెడుతుంటే అడుగు తోలు జానెడు చీరుకుపోయింది.

మామూలు రోజయితే వాడు పొద్దుగూకేదాకా ఆగడు. పరుగెత్తుకొచ్చి మామా, ఇయ్యాల మొదటి గిలాస నాదే అని ముందే చెప్పి పెట్టుకునేవాడు. ఆ దినం పరుగెత్తలేదు. నిన్న ఒకటి, ఇవాళ ఇంకొకటి, ఏ ముఖం పెట్టుకొని చెబుతాడు? చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. బండిలో రంగుల బొమ్మ గుడ్డ పాతది ఒకటి ఉంది. దాన్ని చింపి, లోపలా బయటా తన బంక దట్టంగా పట్టించి చీలికకు అతికించాడు. ఎండలో ఎండబెట్టాడు. లాగి చూశాడు, ఊడలేదు. వానదేవుడే ఊడబీకలేడని మామ పదిమందిలో చెప్పిన బంక అది. వాడు నమ్మాడు.

ఆ సాయంత్రం రామన్న మళ్లీ అడిగాడు. ఎవరూ చేయి ఎత్తలేదు. బండి పుట్టిన నాటినుంచి ఏ తప్పూ లేని సాయంత్రం అదే మొదలు. సాబిర్ ఏదో ఒకటి చెప్పి గిలాస కొట్టేసే మనిషి, ఆయన కూడా గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. ఏజెంటు కుర్చీలో వెనక్కి వాలి, చూశావా రామన్నా, ఒక్కసారి గట్టిగా అంటే తప్పులే ఉండవు అన్నాడు. ఈ బండి గురించి మంచిమాటే చెబుతానని కూడా అన్నాడు.

రామన్న యాదయ్య వైపు చూశాడు. వాడి మోచేతులకు బంక ఎండి తెల్లగా కనిపించింది. ఇవాళ కాగితాలు అంటించే పని లేదు కదా, మరి బంక ఎక్కడిది అనుకున్నాడు. అడుగుదామని నాలుక కొసదాకా వచ్చింది. ఏజెంటు బండి నిలబడుతుందనే చల్లటి మాట చెబుతున్నాడు, ఆ మాట చెడగొట్టబుద్ధి కాలేదు. మొదటి గిలాస ఆ పూట కూడా కుర్చీకే పోయింది.

జాతర పొద్దున ఒడ్డు నిండా జనం. పుట్టిలో సాబిర్, ఆయన భోంగా, కాగితాల కట్ట, బంక కోసం ఖాళీ కిరసనాయిలు డబ్బా. యాదయ్య తెడ్డు పట్టుకొని నీళ్లలో నిలబడ్డాడు. రామన్న ఒడ్డు మీద, పక్కనే ఏజెంటు. యాదయ్య రామన్న వైపు చూసి మామా అన్నాడు.

"ఏందిరా?"

వాడు ఏజెంటును చూశాడు, మళ్లీ రామన్నను చూశాడు. "ఏం లేదు మామా. పోయొస్త."

"జల్ది పోయి రా" అన్నాడు రామన్న. వాడు మామా అనడానికీ ఏం లేదు అనడానికీ మధ్య ఎంత చోటుందో ఆయనకు అప్పుడు కనబడలేదు.

పుట్టి గుండ్రంగా తిరుగుతూ నడిమి ఏటికి పోయింది. సాబిర్ పాట నీళ్లమీద తేలి వస్తోంది. జనం మెడలు చాచి వింటున్నారు. పాట ఉన్నట్టుండి ఆగింది. తర్వాత భోంగాలో కేక వచ్చింది, మునిగిపోతున్నాం, పుట్టి పంపండి అని. ఒడ్డు మీద జనం పకపక నవ్వారు. మూడు దినాలుగా ఆ భోంగాలో వేషాలూ హాస్యాలూ విన్న జనం వాళ్లు. చాయ్ బండివాళ్ల తమాషా ఇంకొకటి అనుకున్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఏజెంటు కూడా నవ్వబోయి రామన్న ముఖం చూసి ఆగిపోయాడు.

రామన్నకు సాబిర్ గొంతులో ఏది వేషమో ఏది ప్రాణభయమో తెలుసు. తువ్వాలు పారేసి పెంటయ్య పుట్టి వైపు పరుగెత్తాడు. పెంటయ్య అప్పటికే తెడ్డు అందుకున్నాడు. వాళ్లు పోయేసరికి సాబిర్ డబ్బాను కావలించుకొని తేలుతున్నాడు. యాదయ్య లేడు. సుడి ఒకటి మెల్లగా తిరుగుతోంది, అంతే. రామన్న ఆ సుడి వైపు దూకబోతే పెంటయ్య నడుము పట్టి ఆపాడు. యాదిగా, యాదిగా అని ఆయన అరిచిన అరుపు ఒడ్డు దాకా వినిపించింది. అప్పుడు గానీ జనం నవ్వు ఆగలేదు.

పొద్దు వాలినాక దిగువన రాళ్ల దగ్గర వలకు దొరికాడు. జములమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకొని, మోచేతులకు ఇంకా అంటుకొని ఉన్న బంకను గోటితో గీకుతూ కూర్చుంది. ఏడవలేదు. రామన్న దగ్గరికి పోలేకపోయాడు.

పెంటయ్య పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించాడు. చీలిక అంచున బొమ్మ గుడ్డ వేలాడుతోంది. బంక అంబలిలా కరిగి కారిపోయింది. గోడమీద వాన వేరు, అడుగున ఏరు వేరు. "తోలుకు తోలు గుట్టాలె గని బంక బెడ్తరా? నాకొక్క మాట జెప్తే గడియల గుట్టియ్యనా?" అని పెంటయ్య తల కొట్టుకున్నాడు. ఎవరు చేశారో ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది.

సాబిర్ నీళ్లు కక్కి, దుప్పటి కప్పుకొని, జరిగింది చెప్పాడు. నడిమి ఏట్లో కాళ్లకింద నీళ్లు ఊరుతుంటే యాదయ్య తెడ్డు ఆపి, భాయ్, నిన్ననే చెప్పాల్సింది అన్నాడట. ఎందుకు చెప్పలేదురా అంటే, మామ మళ్లీ తిడతాడని అన్నాడట. సాబిర్‌కు ఈత రాదు. వాడికి వచ్చు. ఉన్న ఒక్క డబ్బా సాబిర్ చేతుల్లోకి తోసి, గట్టిగా పట్టుకో, నేను ఈదుతా అన్నాడట. సుడి వాడినే పట్టుకుంది.

మామ మళ్లీ తిడతాడని. ఆ మాట రామన్న చెవిలో దిగి ఇక బయటికి రాలేదు. మొండివేలు చూసుకున్నాడు. ఛాపాఖానాలో చెంపదెబ్బకు భయపడి నోరు మూసుకున్న పక్కపనివాడు గుర్తొచ్చాడు. ఫోర్మన్ ముఖం కూడా గుర్తొచ్చింది. ఇన్నేళ్లు ఆ ముఖాన్ని తిట్టుకుంటూ బతికి, చివరికి అదే ముఖం తాను తొడుక్కున్నాడు. అది కూడా ఒక్క పూట, ఒక్క గిలాస కోసం. ఒక్కడే కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏజెంటు హన్మంతరావు కూడా కళ్లు తుడుచుకున్నాడు. ప్రమాదం, ఎవరి తప్పూ కాదు అని రామన్న భుజం తట్టాడు. బండి ఎత్తేయనివ్వను, నాది పూచీ అని మాట ఇచ్చాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఏ బండి నిలవాలని రామన్న ఆ గిలాస లాక్కున్నాడో ఆ బండి నిలిచింది.

దినకర్మలు గద్వాల దగ్గర వాళ్ల ఊళ్లోనే జరిగాయి. అవి అయిపోయాక బండి వనపర్తి సంతకు చేరింది. జములమ్మ కొడుకు బట్టల మూట తీసుకుపోదామని అక్కడికి వచ్చింది. ఆమె వచ్చేసరికి పొద్దుగూకుతోంది. సాబిర్, జంగయ్య ఎవరి మూల వాళ్లు కూర్చొని ఉన్నారు. సోమశిల తర్వాత ఎవరూ సమోవార్ చుట్టూ కూర్చోలేదు. రామన్న ఒక్కడే బొగ్గులు ఊదుతున్నాడు, పొగ తప్ప మంట రావడం లేదు. పాలు పొంగి సగం బూడిదలో పడ్డాయి.

ఆమె గుంజలా నిలబడి కాసేపు చూసింది. తర్వాత మూట పక్కన పెట్టి, జరుగు అని ఆయనను జరిపి, బొగ్గులు సర్దింది. చాయ్ మరిగింది. గిలాసలు వరసగా పెట్టింది. అలవాటు చేయి కదా, అయిదూ పెట్టింది. సాబిర్, జంగయ్య మెల్లగా లేచి వచ్చి కూర్చున్నారు. యాదయ్య కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు.

అందరూ రామన్న ముఖం చూశారు. ఆయన అడగలేదు. చేయి ఎత్తాడు. మొండివేలు చేయి.

"ఇయ్యాల మొదటి గిలాస నాది అక్కా" అన్నాడు.

అన్నీ చెప్పాడు. బండి ఎత్తేస్తారన్న భయం దాచుకున్నది చెప్పాడు. ఏజెంటు నవ్వుకు సిగ్గుపడి తన మనిషిని పదిమందిలో తిట్టింది చెప్పాడు. మోచేతి బంక కంటబడీ అడగనిది చెప్పాడు. ఒడ్డు మీద వాడు మామా అని పిలిస్తే జల్ది పొమ్మన్నది చెప్పాడు. "తోలు చినిగిన సంగతి వాడు దాచిపెట్టలే అక్కా. వాని నోరు నేనే మూసేసిన. వాన్ని నేనే ముంచిన" అన్నాడు. ఆమె ఆ వేడి చాయ్ తన ముఖాన కొడుతుందని చూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

జములమ్మ అంతా విన్నది. మీగడ తీసి ఒక గిలాసలో వేసింది, చిక్కటి చాయ్ పోసింది, చక్కెర వేసి కలిపింది. రామన్న చేయి చాచాడు, చాచక తప్పదు, ఆచారం.

ఆమె ఆ గిలాస ఆయనకు ఇవ్వలేదు.

"ఆగు తమ్మీ. వరస తప్పొద్దు. ఆ దినం వాడు నీకంటె ముందు జెప్పిండు గద. గోడకు అతికిస్తినని చెయ్యెత్తి జెప్పిండు. వాని గిలాస వానికి రాలె."

గిలాస తీసుకుపోయి యాదయ్య కూర్చునే చోట నేలమీద పెట్టింది. కొంగుతో గిలాస అంచు తుడిచింది. తిరిగి వచ్చి రెండో గిలాస పోసి రామన్న చేతిలో పెట్టింది. "నీది గిది" అన్నది. అప్పుడు, అన్ని దినాలకు, ఆమెకు ఏడుపు వచ్చింది. సాబిర్ ముఖం దాచుకున్నాడు. జంగయ్య లేచి పోయి ఎడ్ల మెడ మీద తల ఆనించి నిలబడ్డాడు.

రామన్న తన గిలాస తాగాడు.  నేలమీది గిలాస మీద మీగడ గట్టిపడి, చల్లారి, ఈగ ఒకటి వచ్చి వాలింది. ఆయన చేయి అడ్డంపెట్టి దాన్ని తోలుతూ అక్కడే కూర్చుండిపోయాడు.